ఆగిన చదువు - మళ్లీ మొదలు

(2018 టెన్త్ బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ఎకనామిక్స్)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన వార్డెన్ గారు అడిగినప్పుడు, గ్రూప్స్‌కు ఎలా చదవాలో రాద్దామనుకున్నాను. కానీ ఆ విషయం రాయడానికి నాకన్నా అర్హులైన సీనియర్లు చాలామంది ఉన్నారు. పైగా నేనే ఇంకా గ్రూప్స్‌కు చదువుతున్నాను. పాసయ్యాక రాస్తే మర్యాదగా ఉంటుంది. ఇలా ఆలోచిస్తుండగానే ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి.

మొదటిది నా హాస్టల్ మిత్రుడిది. ఆరో తరగతి నుంచి టెన్త్ దాకా నా ట్రంకు పెట్టె పక్కనే వాడి పెట్టె ఉండేది. 2018 మార్చిలో ఇద్దరం ఒకే సెంటర్లో టెన్త్ పరీక్షలు రాశాం. వాడికి లెక్కలు పోయాయి. సప్లిమెంటరీ ఫీజు కడతానని ఊరెళ్లినవాడు అట్నుంచి అటే హైదరాబాద్‌కు సెంట్రింగ్ పనికి వెళ్లిపోయాడు. ఏడేళ్లు దాటింది. "అరే, ఇప్పుడు మళ్లీ చదువుకోనిస్తారా? ఏజ్ బార్ అయిపోయినట్టేనా?" అని అడిగాడు.

రెండోది మా అక్కది. "తమ్ముడూ, సార్వభౌమాధికారం అంటే ఏందిరా? రాత్రి నుంచి చదువుతున్న, నోరు తిరుగుతలేదు" అంది. మా అక్క వయసు ముప్పై. ఇద్దరు పిల్లల తల్లి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇప్పుడు బి.ఏ. మొదటి సంవత్సరం.

ఈ సంచిక చదివే తమ్ముళ్లందరి ఇళ్లలోనూ చదువు ఆగిపోయిన వాళ్లు ఒక్కరైనా ఉంటారు. అక్కో, అన్నో, వదినో, అమ్మో. మనం హాస్టల్లో ఉండి చదువుకోగలిగాం కాబట్టి ఇక్కడ కూర్చుని ఈ సంచిక చదువుతున్నాం. వాళ్ల సంగతి ఎవరూ రాయరు. అందుకే నేను తెలుసుకున్నవీ, మా అక్క వెంట తిరిగి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో జరిగింది

అక్క నాకన్నా ఏడేళ్లు పెద్ద. 2008లో తను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకు ఆపరేషన్ అయింది. అప్పయింది. అక్క బడి మానేసి మిరపకాయలు ఏరడానికి వెళ్లింది. నేను అప్పుడు ఒకటో తరగతి. 2013లో నన్ను ఈ హాస్టల్లో చేర్చినప్పుడు నా ట్రంకు పెట్టె, ప్లేటు, గ్లాసు, దుప్పటి కొన్నది అక్క కూలి డబ్బులతోనే. అదే ఏడాది అక్క పెళ్లి అయింది.

డబ్బుల్లేక అక్క చదువు ఆపేశారని నేను చాలాకాలం స్నేహితులకు చెప్పుకునేవాణ్ని. అది సగమే నిజం. ఆడపిల్లల హాస్టల్ మా మండల కేంద్రంలోనే ఉంది. అన్నం ఉచితం, పుస్తకాలు ఉచితం. అక్కను అక్కడ చేర్చొచ్చు అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఇంట్లో వంట చేసే మనిషి కావాలి, వారం వారం కూలి డబ్బులు కావాలి. నా దాకా వచ్చేసరికి మాత్రం హాస్టల్ ఉందన్న సంగతి అందరికీ గుర్తొచ్చింది. నేను మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని అని అందరూ అంటుంటే సంతోషంగానే ఉంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ ఇది కూడా గుర్తొస్తుంది.

అక్క మళ్లీ పుస్తకం పట్టడానికి కారణం నేను కాదు. ఆమె ఊళ్లో మహిళా సంఘంలో రెండో లీడరు. బ్యాంకుకు వెళ్లడం, సంతకం చేయడం, అప్పు లెక్క నోటితో చెప్పడం అన్నీ చేసేది. గ్రామ సంఘం లెక్కలు రాసే వీఓఏ పని ఖాళీ అయినప్పుడు టెన్త్ మెమో అడిగారు. సంఘం గురించి ఏమీ తెలియని ఇంకో అమ్మాయికి ఆ పని వచ్చింది. అక్కే ఆమెకు నెల రోజులు లెక్కలు నేర్పింది. ఇది 2021 మాట. ఆ నెలాఖరుకు నాకు ఫోన్ చేసి "టెన్త్ పరీక్ష ఇప్పుడు రాయొచ్చా?" అని అడిగింది. డిగ్రీ చదువుతున్న నాకు ఆ సంగతి తెలియదు! తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది.

ఓపెన్ స్కూల్ అంటే ఏమిటి?

చాలామంది ఓపెన్ స్కూలంటే "డబ్బులు కడితే టెన్త్ ఇస్తారట" అనుకుంటారు. అలా కాదు. బడికి రోజూ వెళ్లలేని వాళ్ల కోసం ప్రభుత్వమే పెట్టిన వ్యవస్థ ఇది. మన ఉమ్మడి రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ సొసైటీ 1991లో ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి ఉన్నాయి. దేశం మొత్తానికి కేంద్రం 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ పెట్టింది. 2002 నుంచి దాన్ని ఎన్.ఐ.ఓ.ఎస్. అంటున్నారు.

టెన్త్‌లో చేరడానికి కనీస వయసు 14 ఏళ్లు. ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి, టెన్త్ పాసై ఉండాలి. పై వయసుకు పరిమితి లేదు. యాభై ఏళ్ల మనిషి కూడా చేరొచ్చు. కాబట్టి నా మిత్రుడు అడిగిన ఏజ్ బార్ అన్న మాట ఇక్కడ వర్తించదు.

ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి. అందులో ఒక భాష తప్పనిసరి. పాసు మార్కులు మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లో 35. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు ఉంటాయి: ఎండాకాలంలో ఒకసారి, దసరా అటూ ఇటూగా ఇంకోసారి. అన్నీ ఒకేసారి రాయాలని లేదు. రెండు సబ్జెక్టులు ఈసారి, మూడు వచ్చేసారి రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే ఉంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసే అవకాశం ఉంటుంది. రెగ్యులర్ బడికీ దీనికీ అసలు తేడా ఇదే. బడిలో ఏడాది పోతే పోయినట్టే. ఇక్కడ మనిషి వీలునుబట్టి చదువు నడుస్తుంది. పురుడు వచ్చినా, వలస పోయినా, ఒక పరీక్ష తప్పినా మొదటికి రాదు.

రెగ్యులర్ టెన్త్ ఫెయిలైన వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. పాసైన వాటిలో రెండు సబ్జెక్టుల మార్కులు ఇటు మార్చుకోవచ్చు. దాన్ని టీఓసీ అంటారు. ఏ సంవత్సరం దాకా ఫెయిలైన వాళ్లకు ఇస్తారో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకుని అడగాలి.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే చాలామంది పొరపాటు చేస్తారు. లెక్కలు లేకుండా కూడా టెన్త్ పాస్ కావొచ్చు కదా అని లెక్కలు వదిలేస్తారు. వీఓఏ పనికో, ఇంటర్‌లో ఆర్ట్స్‌కో అయితే ఇబ్బంది లేదు. కానీ పాలిటెక్నిక్‌కు టెన్త్‌లో లెక్కలు ఉండాల్సిందే. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడులకూ అంతే. ఇంగ్లిష్ కూడా వదిలేయొచ్చు, కానీ తర్వాత డిగ్రీలో అది ఎదురొచ్చి నిలబడుతుంది. మా అక్క తెలుగు, ఇంగ్లిష్, సోషల్, సైన్సు, హోమ్‌సైన్సు తీసుకుంది. ఇంగ్లిష్ వద్దని నేనే అన్నాను. "పిల్లల డైరీలో టీచరమ్మ ఏం రాసిందో నాకు తెలియొద్దా?" అంది. నా సలహా తప్పని అప్పుడే ఒప్పుకున్నాను.

కాగితాల గొడవ

చదవడం తర్వాతి మాట. ముందు కాగితాలు. పుట్టిన తేదీకి రుజువు కావాలి. బడి మధ్యలో మానేసిన వాళ్లకు ఆ బడి ఇచ్చే రికార్డు షీటే అన్నిటికన్నా గట్టి కాగితం. అక్క చదివిన హైస్కూలుకు ఇద్దరం వెళ్లాం. పాత అడ్మిషన్ రిజిస్టర్ బీరువా అడుగున ఉంది, సగం చెదలు తిన్నాయి. అదృష్టం బాగుండి అక్క పేరున్న పేజీ మిగిలింది. అక్కడ పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. రిజిస్టర్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు.

తమ్ముళ్లూ, ఇది చిన్న విషయం కాదు. టెన్త్ మెమో మీద ఏ పేరు, ఏ తేదీ పడితే జీవితాంతం అదే నడుస్తుంది. రేపు ఉద్యోగం వెరిఫికేషన్‌లో అదే చూస్తారు. మెమో వచ్చాక దిద్దించుకోవడం కన్నా, చేరకముందే ఆధార్‌ను స్కూల్ రికార్డుకు సరిపోయేలా మార్పించుకోవడం సులువు. మేము అదే చేశాం. మీ ఇంట్లో చదువు ఆపేసిన వాళ్లుంటే, వాళ్లు మళ్లీ చదివినా చదవకపోయినా ఆ రికార్డు షీటు ఇప్పుడే తెచ్చి పెట్టండి. చెదలు మన కోసం ఆగవు.

ఇంకో సంగతి. ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్లు చాలావరకు హైస్కూళ్లలోనే ఉంటాయి. ఫీజు ఎంతో ప్రాస్పెక్టస్‌లో అచ్చేసి ఉంటుంది. మేము మొదట వెళ్లిన చోట ఒక మధ్యవర్తి తగులుకుని, ఎనిమిది వేలిస్తే పరీక్ష సంగతి కూడా తనే చూసుకుంటానన్నాడు. అక్క దగ్గర అంత డబ్బు లేకపోవడం మంచిదైంది. ఉంటే ఇచ్చేవాళ్లమేమో, చెప్పలేను. ఎవరు అడిగినా ఫీజు ఆన్‌లైన్‌లో మీరే కట్టి రసీదు తీసుకోండి.

పెద్దయ్యాక చదవడం

పదమూడేళ్ల తర్వాత పుస్తకం తెరిస్తే ఏమవుతుంది? అక్షరాలు మరిచిపోరు. చేయి మరిచిపోతుంది. అక్క రోజంతా మిరప కోయగలదు, పది నిమిషాలు పెన్ను పట్టుకుంటే వేళ్లు లాగేవి. పరీక్ష మూడు గంటలు. అందుకని జవాబులు బట్టీ పట్టడం పక్కన పెట్టి, మొదటి రెండు నెలలు రోజూ ఒక పేజీ చూసి రాయమన్నాను. తర్వాత రెండు పేజీలు. సంక్రాంతికల్లా గంటసేపు ఆపకుండా రాయగలిగింది. పెద్దవాళ్లు ఫెయిలవడానికి తెలియకపోవడం కన్నా, తెలిసింది టైములో రాయలేకపోవడమే ఎక్కువ కారణమని నాకు అనిపించింది.

రెండోది, టైము. మనకు హాస్టల్లో స్టడీ అవర్ ఉంది, గంట కొడతారు, వార్డెన్ గారు రౌండుకు వస్తారు. అప్పుడు మనం విసుక్కుంటాం కానీ, ఆ గంట లేని ఇంట్లో చదవడం ఎంత కష్టమో అక్కను చూశాక తెలిసింది. వంట అయ్యేసరికి ఎనిమిదిన్నర. అప్పుడు పుస్తకం తీస్తే నిద్ర. మన హాస్టల్ పద్ధతే అక్కకు చెప్పాను. పిల్లల హోంవర్కు టైమూ తన టైమూ ఒకటే చేసుకుంది. రాత్రి ఏడు నుంచి ఎనిమిది దాకా ముగ్గురూ ఒకే చాప మీద. ఇంగ్లిష్ స్పెల్లింగులు కూతురే డిక్టేషన్ చెప్పేది. తప్పులకు కూతురు కొట్టే గుంజీల లెక్క నేను ఇక్కడ రాయను, అక్క కోప్పడుతుంది.

మూడోది, డబ్బు. ఆదివారాలు, సెలవురోజులు కాంటాక్ట్ క్లాసులు. ఆదివారం క్లాసుకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. మా వైపు మిరప కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా ఉంటాయి. పరీక్షలూ సరిగ్గా ఆ వెంటనే. ఓపెన్ స్కూల్లో చేరి పరీక్షకు రాని వాళ్లను చూసి "వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అంటారు. శ్రద్ధ సంగతి కాదది, సీజన్ సంగతి. కూలికి వెళ్లే వాళ్లు దసరా పరీక్షలను ప్రధానంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. పత్తి ఏరడం పూర్తిగా ఊపందుకోకముందే అయిపోతాయి.

మా బావ ఆటో నడుపుతాడు. మొదట "ఇప్పుడు చదివి కలెక్టర్ అవుతావా?" అన్నాడు. కోపంతో కాదు, అలవాటుగా. అత్తమ్మ అయితే నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత బావే ఆదివారాలు సెంటర్ దగ్గర దింపడం మొదలుపెట్టాడు. ఏం మారిందని అడిగితే నవ్వుతాడు. అక్క చెప్పేదేమిటంటే, ఆటో ఫైనాన్స్ కాగితంలో వడ్డీ లెక్క తప్పు వేశారని ఆమె చదివి పట్టుకుందట, అప్పటి నుంచి.

ఇందులో ఒక విషయం ఉంది. పిల్లలు పాఠం చదివితే జవాబు నేర్చుకుంటారు. పెద్దవాళ్లు చదివితే వాళ్ల బతుకులోంచి దానికొక ఉదాహరణ వెంటనే దొరుకుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు సారా మీద ఉన్న పాఠం చదివారు. దూబగుంట ఊరి ఆడవాళ్లు ఆ పాఠాన్ని పరీక్ష కోసం దాచుకోలేదు, వెళ్లి సారా కొట్టు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. మా అక్క సాధించింది ఆటో వడ్డీ దాకానే అనుకోండి, కానీ దారి అదే.

పరీక్ష సంగతి

2022 ఎండాకాలంలో అక్క అయిదు సబ్జెక్టులూ రాసింది. తెలుగు, సోషల్, హోమ్‌సైన్సు పాసైంది. సైన్సు, ఇంగ్లిష్ పోయాయి.

ఇక్కడ దాచకుండా రాయాలి. అక్క రాసిన సెంటర్లో ఇంగ్లిష్ రోజు చిట్టీలు అందించారు. అందరూ తీసుకున్నారు, అక్కా తీసుకుంది. బయటికొచ్చాక నాకు ఫోన్ చేసి ఏడుపూ నవ్వూ కలిపి చెప్పింది: "చిట్టీ అయితే ఇచ్చిండ్రు తమ్ముడూ, అది ఏ ప్రశ్నకో తెలియాలంటే కూడా చదివి ఉండాలె గదా!" ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ అంటే కొందరు పెదవి విరవడానికి ఇలాంటి సెంటర్లే కారణం. చట్టం ప్రకారం అది రెగ్యులర్ టెన్త్‌తో సమానమే. కానీ చదవకుండా తెచ్చుకున్న మెమోతో ఇంటర్ పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఆగిపోతారు. అక్క ఆ అక్టోబరులో సైన్సు, 2023 ఎండాకాలంలో ఇంగ్లిష్ పాసైంది. ఇంగ్లిష్‌లో 41. ఆ 41 మార్కుల్లో ఎవరి చిట్టీ లేదు. తర్వాత ఇంటర్ కూడా ఓపెన్‌లోనే, 2025లో పూర్తి చేసింది.

ఇంటర్ ఎందుకంటే, చదువు పెరిగే కొద్దీ పోస్టుల అర్హత కూడా పెరుగుతోంది. అంగన్‌వాడీ టీచర్‌కు ఒకప్పుడు టెన్త్ చాలు. 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో అది ఇంటర్ అయింది. అక్క పరుగెత్తే కొద్దీ గీత ముందుకు జరుగుతోందని నాకు కోపం వస్తుంది. అక్కకు రాదు.

మన హాల్లో ఉన్న ఫోటో

మన డైనింగ్ హాల్లో బాబాసాహెబ్ ఫోటో ఉంది. ఏప్రిల్ 14న దండ వేస్తాం, ఉపన్యాసాలు చెప్తాం. ఆయన ఎన్ని డిగ్రీలు చదివారో అందరం అప్పజెప్తాం. ఆయన చదువు కూడా మధ్యలో ఆగిందన్న సంగతి మాత్రం నేను పీజీకి వచ్చాకే గమనించాను.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి 1916లో ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. వేరే ఓడలో పంపిన ఆయన పుస్తకాలు యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాయి. బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండడానికి గది ఇచ్చిన వాళ్లు లేరు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి, జీతంలో పొదుపు చేశారు. ఆ పొదుపు, కొల్హాపూర్ శాహూ మహారాజ్ చేసిన సాయం, ఒక మిత్రుడి దగ్గర అప్పు - ఇవన్నీ కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. అప్పటికి వయసు 29. పెళ్లయింది, సంసారం ఉంది. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పూర్తయ్యాయి. ఆయన వదిలి వచ్చేటప్పుడు తిరిగి వెళ్లి పూర్తి చేయడానికి విశ్వవిద్యాలయం నుంచి నాలుగేళ్ల గడువు అడిగి తీసుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆపుతున్న రోజే మళ్లీ వచ్చే దారి రాయించుకున్నారు.

మన తెలుగువాళ్లలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్లకు వెళ్లి వచ్చాక, ఇరవై దాటిన వయసులో బనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆడవాళ్లకు హాస్టల్ లేదని సీటు ఇవ్వడానికి వెనకాడారు. అప్పుడావిడ పత్రికల్లో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, ఒక వసతి ఏర్పాటు చేసుకుని చేరారు. హాస్టల్ లేకపోతే చదువు లేదు అన్నది మనకు కొత్త మాట కాదు కదా. 1942లో లా పూర్తి చేసి, తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. చదువు ఆగిన ఆడవాళ్లకు తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే కండెన్స్‌డ్ కోర్సులు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో మొదలుపెట్టింది. ఆ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆవిడే.

యూనివర్సిటీ దాకా

దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గరే పుట్టింది. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ ప్రారంభమైంది. మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే తీసుకువెళ్లారు. 1991లో మన యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టారు. చర్లపల్లి జైల్లో శిక్ష అనుభవిస్తూ ఇందులో డిగ్రీ పొందిన వాళ్లున్నారు. గ్రూప్స్ చదివే అన్నల గదుల్లో తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన కనిపించే ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు ఇవే. ఉద్యోగానికి చదివే వాళ్లు కూడా వీటినే వెతుక్కుంటారంటే పాఠం ఎంత శుభ్రమైన తెలుగులో ఉంటుందో ఆలోచించండి.

గతంలో ఇంటర్ లేకపోయినా ఒక అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలుండేది. ఎంతోమంది అలా చేరి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. కానీ ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టే వాళ్లకు నా సలహా: టెన్త్, ఇంటర్, డిగ్రీ వరుసగా పూర్తి చేయండి. నోటిఫికేషన్లలో మధ్య మెట్టు అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉండాలి. టెన్త్ పాసై ఆగిన వాళ్లకు, కాలేజీకి వెళ్లకుండా హాజరు మినహాయింపు ఫీజు కట్టి ఇంటర్ బోర్డు పరీక్షలే ఆర్ట్స్ గ్రూపుతో రాసే పద్ధతి కూడా ఉంది.

దూరవిద్య డిగ్రీ చెల్లదని ఎవరైనా అంటే నమ్మొద్దు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మరోసారి స్పష్టంగా చెప్పింది. అయితే 'గుర్తింపు ఉన్న' అన్న మాటే ప్రాణం. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ప్రతి సంవత్సరం ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. చేరే ముందు అది చూడాలి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ వంటివి దూరవిద్యలో ఇస్తామని ఎవరన్నా చెబితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. పక్క రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెప్పి ఆరు నెలల్లో డిగ్రీ అనే బోర్డులు బస్టాండు దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. మన పాత విద్యార్థుల్లో ఒకాయన అలా తెచ్చుకున్న సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో నిలవక, వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నారు.

నా మిత్రుడి సంగతి

ఇక మొదటి ఫోను. వాడికి ఓపెన్ స్కూలే అవసరం లేదని తేలింది. పోయింది లెక్కలొక్కటే. చదివిన హైస్కూలు హెచ్.ఎం. గారి ద్వారా ప్రైవేటు అభ్యర్థిగా ఫీజు కట్టి ఆ ఒక్కటి రాయడానికి ముందు అక్కడే అడగాలి. మేము రాసినప్పుడు పదకొండు పేపర్లు. 2022 నుంచి ఆరు పేపర్లే. పాత బ్యాచ్ వాళ్లకు ఏ పద్ధతిలో పెడతారో కూడా హెచ్.ఎం. గారే చెప్తారు. లెక్కలు వదిలేసి ఓపెన్‌లో వేరే సబ్జెక్టులతో పాసవుతానన్నాడు. కానీ వాడికి ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలని ఉంది. ఐ.టి.ఐ.కి లెక్కలు కావాలి. "సెంట్రింగ్‌లో కొలతలన్నీ నువ్వే వేస్తావటగా, క్షేత్రమితి నీకు చెప్పాల్సింది ఏముంది?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం ఊరికి వస్తున్నాడట. హాస్టల్‌కు కూడా వస్తానన్నాడు, ఆదివారం చికెన్ ఉంటుంది కాబట్టి. టెన్త్ మెమో, హాల్ టికెట్ ఆ పాత ట్రంకు పెట్టెలోనే పెట్టి తాళం వేశాడట. తాళం చెవి ఎప్పుడో పోయిందట.

తాళం పగలగొట్టమన్నాను.